తడి చెత్త కాలనీ దాటకుండా చూడాలంటే పురపాలక సంఘాన్ని ఏం అడగాలి?

కాలువగట్టు · 2025 జూన్ 2

అందరికీ నమస్కారం. మాది గోదావరి జిల్లాల్లోని ఒక మధ్యరకం పట్టణం. ఊరి పేరు రాయడం లేదు, ఎవరినీ నలుగురిలో నిలబెట్టాలని ఈ టపా పెట్టడం లేదు కాబట్టి. మా కాలనీలో 240 ఇళ్లున్నాయి, నివాసుల సంఘానికి రెండేళ్లుగా నేను కార్యదర్శిని. ఇంటింటికీ తిరిగి, మహిళా సంఘాల వారిని వెంటబెట్టుకుని నచ్చజెప్పగా నచ్చజెప్పగా ఇప్పుడు మూడొంతుల ఇళ్లవారు తడి చెత్తను, పొడి చెత్తను విడివిడిగానే ఇస్తున్నారు.

పోయిన నెలలో ఒక ఉదయం చెత్త ఆటో వెనకాలే మా వీధి చివరిదాకా నడిచాను. మలుపు దగ్గర ఆటో ఆగింది. ఆకుపచ్చ బుట్టల్లోంచి వచ్చిన అరటి తొక్కలు, మెతుకులు, టీ పొడి ఒకవైపున, నీలం బుట్టల్లోంచి వచ్చిన పాల ప్యాకెట్లు, అట్టపెట్టెలు మరోవైపున ఉన్నాయి. నేను చూస్తుండగానే పారతో రెంటినీ కలిపి అణగదొక్కి, మరో వీధికి సాగిపోయారు. మా పక్కింటి పెద్దావిడ కూడా గుమ్మంలోంచి అది చూశారు. చివరికి కలిపేసేదానికి తాను మోకాళ్ల నొప్పితో రెండు బుట్టలు ఎందుకు మోయాలని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

కాలనీలో పిల్లల పార్కు వెనక ఎవరూ వాడని కొంత ఖాళీ స్థలం ఉంది. తడి చెత్తను అక్కడే ఎరువుగా మార్చి, పొడి చెత్తను మాత్రమే బయటికి పంపాలని ఆలోచిస్తున్నాం. ఈ నెల 22న సర్వసభ్య సమావేశం. పురపాలక సంఘాన్ని రాతపూర్వకంగా ఏమేమి అడగాలో, మేము ఏమేమి నెత్తిన వేసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పాత మేస్త్రి · జూన్ 2

అమ్మా, నేను ఒక పురపాలక సంఘంలో పారిశుద్ధ్య మేస్త్రిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. మీరు మలుపు దగ్గర చూసినది నాకు ఆశ్చర్యం కలిగించలేదు, కానీ అది పనివాళ్ల నిర్లక్ష్యం అనుకుంటే మీ వినతిపత్రం దారి తప్పుతుంది.

ఆటో తొట్టిలో మధ్యన ఒక అడ్డు పలక ఉంటుంది. పొడి చెత్త తేలికే గాని చోటు ఎక్కువ తింటుంది. ఖాళీ సీసాలు, అట్టపెట్టెలు, కవర్లు ఉబ్బి మూడు వీధులు తిరిగేసరికి పొడి వైపు పలక పైకి వచ్చేస్తాయి. అప్పటికి ఇంకా సగం వీధులు మిగిలే ఉంటాయి. యార్డుకు వెళ్లి ఖాళీ చేసి రావాలంటే రెండో ట్రిప్పుకు డీజిల్ ఉండాలి, ఆ డీజిల్ లెక్క ముందే రాసి ఉంటుంది. వీధి వదిలేస్తే ఫిర్యాదు, రెండో ట్రిప్పు వేస్తే సంజాయిషీ. ఇక మిగిలేది అణగదొక్కడమే. నా చేతి కింద పనిచేసినవాళ్లు ఇలా చేసినప్పుడు నేను కూడా చూసి ఊరుకున్న రోజులున్నాయి. ఆ తప్పులో నా వంతు నాకుంది.

కాబట్టి చెత్త కలపవద్దని కాగితం రాస్తే ప్రయోజనం లేదు. తడి చెత్తకు రోజూ ఆటో రావాలని, పొడి చెత్తకు వారంలో రెండు రోజులు కేటాయించి ఆ రోజుల్లో అదనపు ట్రిప్పు మంజూరు చేయాలని రాయండి. పొడి చెత్త ఇంట్లో మూడు రోజులున్నా వాసన రాదు, పాల ప్యాకెట్లను కడిగి ఆరబెడితే చాలు. ఒకవేళ తడి చెత్త కాలనీలోనే ఆగిపోతే ఆటోకు బరువు సగానికి పైగా తగ్గుతుంది, అప్పుడు డీజిల్ ఆదా అవుతుందన్న మాట వాళ్లకే అర్థమవుతుంది.

ఇంకొక్క మాట. పిల్లల డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, పగిలిన గాజు, వాడేసిన ఇంజెక్షన్ సూదులు తడి బుట్టలో వేయకుండా చూడండి. పాత వార్తాపత్రికలో చుట్టి పైన ఎర్ర సిరాతో గుర్తు పెడితే ఎత్తేవాడి చెయ్యి తెగదు.

మిద్దెతోట · జూన్ 3

హైదరాబాదులో మా అపార్టుమెంటు మేడ మీద ఆరేళ్లుగా కూరగాయలు పండిస్తున్నాను, 36 ఇళ్ల తడి చెత్తతో కింద ఎరువు తయారుచేస్తున్నాం. కాలువగట్టు గారూ, జూన్‌లో మొదలుపెడుతున్నారు కాబట్టి ముందుగా వాన గురించి చెబుతాను. మేము కూడా తొలకరిలోనే మొదలుపెట్టి చేతులు కాల్చుకున్నాం. పైన కప్పు లేదు, మూడు రోజులు ముసురు పట్టింది, నాలుగో రోజున తొట్టి మూత తీస్తే కుళ్లిన గుడ్ల కంపు. తెల్లటి పురుగులు గోడ ఎక్కాయి. రెండో అంతస్తువారు సంఘం అధ్యక్షుడి ఇంటికి వెళ్లి పంచాయితీ పెట్టారు.

తప్పంతా నీటిదే. చెత్తను ఎరువుగా మార్చే సూక్ష్మజీవులకు గాలి కావాలి. నీరు నిండి గాలి ఆడకపోతే మరో రకం జీవులు బలపడి కంపు పుట్టిస్తాయి. ఒక బుట్ట తడి చెత్త వేస్తే దాని మీద రెండు బుట్టల ఎండుటాకులు వేయాలి, ఆకులు దొరక్కపోతే కొబ్బరి పొట్టు గాని రంపపు పొట్టు గాని వాడవచ్చు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలే రాలాలి, ధారగా కారితే ఇంకా ఆకులు కలపాలి, అసలు తడే తగలకపోతే కాస్త నీళ్లు చిలకరించాలి. మొదట్లో పేడ నీళ్లు, పులిసిన మజ్జిగ, కొంచెం బెల్లం కలిపి చల్లాం. ఇప్పుడు పాత ఎరువు నాలుగు గుప్పెళ్లు చల్లితే చాలుతోంది.

కుప్ప సరిగ్గా పనిచేస్తోందా లేదా అన్నది ఇనుప చువ్వ చెబుతుంది. రాత్రి కుప్ప నడిమధ్యకు గుచ్చి తెల్లవారి లాగితే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలి. లోపల 55 నుంచి 60 డిగ్రీల దాకా వేడి పుడుతుంది, ఆ వేడికి కలుపు గింజలు, రోగకారక క్రిములు చాలావరకు చస్తాయి. వారానికోసారి తిరగేస్తే 45 రోజులకు నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో తయారవుతుంది. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు, ఎముకలు అంత త్వరగా లొంగవు. జల్లెడ పట్టినప్పుడు వాటిని ఏరి మళ్లీ కొత్త కుప్పలో వేస్తాం.

240 ఇళ్లంటే మీకు తొట్లు సరిపోవు. కేరళలోని అలప్పుళలో పట్టణమంతటా వాడే తుంబూర్ముళి పద్ధతి మీకు నప్పుతుందని నా అభిప్రాయం. నాలుగు వైపులా గాలి ఆడేలా సందులు వదిలి కట్టిన చదరపు గూళ్లు, పైన రేకుల కప్పు, అడుగున పేడ పొర, ఆ మీద ఆకులు, చెత్త పొరలు పొరలుగా. 2012లో సర్వోదయపురం గ్రామస్థులు తమ ఊరికి చెత్త లారీలు రానివ్వకుండా ఆపేసిన తరవాతే అలప్పుళ ఈ దారి పట్టింది. మన చెత్త ఏదో ఒక ఊరివాళ్ల ఇంటి ముందు కుప్పగా పడుతోందన్న సంగతి ఆ ఊరివాళ్లు అడ్డం తిరిగేదాకా మనకు గుర్తు రాదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించే విషయం.

యంత్రవిద్య · జూన్ 4

పైన రాసినవారి శ్రమను గౌరవిస్తూనే భిన్నాభిప్రాయం చెబుతున్నాను. ప్రతి కాలనీ ఒక ఎరువు కేంద్రం నడపాలనడం, ప్రతి ఇల్లూ సొంత బావి తవ్వుకోవాలనడం లాంటిదే. ఉత్సాహం ఉన్న ఇద్దరు ముగ్గురు ఇల్లు మారితే అది మూలబడుతుంది. పెద్ద ఎత్తున చేసే పనికి స్థిరత్వం ఎక్కువ. హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాల నుంచి బయోగ్యాస్ తీసి, 500 యూనిట్ల వరకు విద్యుత్తు ఉత్పత్తి చేస్తున్నారు. 2021 జనవరిలో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో దాన్ని ప్రస్తావించారు కూడా. ఇండోర్‌లో 2022లో ప్రారంభమైన బయో సీఎన్‌జీ కేంద్రం రోజుకు 550 టన్నుల తడి చెత్తను తీసుకునే సామర్థ్యం గలది, అక్కడి సిటీ బస్సులు ఆ ఇంధనంతో నడుస్తున్నాయి. కాలనీ సంఘాలు తమ శక్తినంతా ఇటువంటి కేంద్రం కోసం పాలకులను అడగడానికి వినియోగిస్తే మేలు కదా?

లెక్కల పద్దు · జూన్ 4

యంత్రవిద్య గారూ, మీరు చెప్పిన రెండు చోట్లా కేంద్రం పనిచేయడానికి కారణం యంత్రం ఒక్కటే కాదు. మార్కెట్టులో వచ్చేది ఎలాగూ కూరగాయల వ్యర్థమే. ఇండోర్‌లో ఇళ్ల దగ్గరే ఆరు రకాలుగా విడదీసి తీసుకుంటారు. బ్యాటరీలు, గాజు పెంకులు కలిసిన చెత్తను ఏ బయోగ్యాస్ తొట్టీ అరిగించుకోలేదు. పెద్ద కేంద్రం వచ్చినా చిన్న గూడు కట్టినా ముందు విడదీయడం నిలబడాలి, అది నిలబడాలంటే విడదీసినది కలవకుండా చూడాలి. కాలువగట్టు గారి సమస్య సరిగ్గా అక్కడే ఉంది.

వినతిపత్రానికి ఆధారాలు ఇవి. ఈ 2025లో అమలులో ఉన్న ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2016 ప్రకారం నివాసుల సంక్షేమ సంఘాలన్నీ స్థానిక సంస్థతో కలిసి, చెత్తను పుట్టిన చోటే విడదీసేలా చూడాలి, తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే ఎరువుగానో బయోగ్యాస్‌గానో మార్చాలి, మిగిలినదాన్ని మాత్రమే బయటికి ఇవ్వాలి. 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ సముదాయాలకూ ఇదే బాధ్యతను మరో నిబంధనలో విడిగా రాశారు. మీది గేట్లు లేని కాలనీయే అయినా మొదటి నిబంధన వర్తిస్తుంది, అందులో ‘స్థానిక సంస్థతో కలిసి’ అన్న మాట మీకు చాలా విలువైనది. అంటే మీరు దయ చూపమని అడగడం లేదు, నిబంధన ఇద్దరి మీదా పెట్టిన పనిలో వారి సగాన్ని గుర్తు చేస్తున్నారు.

డబ్బు సంగతి. 15వ ఆర్థిక సంఘం 2021-26 సంవత్సరాలకు పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు ఇచ్చే నిధుల్లో 60 శాతాన్ని ప్రత్యేక పనులకే కట్టిపెట్టింది. అందులో సగం పారిశుద్ధ్యానికి, ఘన వ్యర్థాల నిర్వహణకు, మిగతా సగం తాగునీటికి, వాన నీటి నిల్వకు, నీటి పునర్వినియోగానికి వాడాలి. మీ గూళ్లకు, రేకుల కప్పుకు అయ్యే ఖర్చు ఈ పద్దులో ఇమిడిపోతుంది. గత సంవత్సరం ఈ పద్దు కింద ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. తగవు పెట్టుకునే ధోరణిలో అడగనక్కర్లేదు. అంకెలు చేతిలో ఉంటే సంభాషణ తీరే మారుతుంది, ఇది నేను చాలాసార్లు గమనించాను.

తెలంగాణలో ఉన్న సభ్యుల కోసం ఒక మాట: 2019 పురపాలక చట్టం ప్రకారం ప్రతి వార్డులో 15 మంది చొప్పున నాలుగు కమిటీలు ఉండాలి, బడ్జెట్టులో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో మీకు తెలియకపోతే ముందు ఆ జాబితా అడగండి. ఆంధ్రప్రదేశ్‌లోనైతే వార్డు సచివాలయంలో పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శి ఉంటారు, కాలువగట్టు గారి తొలి సంతకం అక్కడ పడాలి.

తుంగభద్ర నుంచి బెంగళూరు · జూన్ 5

మా కర్నూలు వదిలి బెంగళూరులో స్థిరపడి పదేళ్లు దాటింది. ఇక్కడ 2015 డిసెంబరులో హైకోర్టు ఆదేశం వచ్చాక రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతి అమలైంది: ఆకుపచ్చ బుట్టలో తడి, ఎర్ర బుట్టలో డైపర్ల వంటివి, సంచిలో పొడి. ఆదేశం రాగానే అందరూ మారారని చెప్పను, ఇప్పటికీ మారని వీధులు ఉన్నాయి. మా వీధిలో మార్పు తెచ్చింది మాత్రం తిప్పి పంపడమే. కలిపి ఇచ్చిన బుట్టను ఆటోవారు తీసుకోకుండా గుమ్మంలోనే వదిలి వెళ్లేవారు, అలా చేయమని మా సంఘమే రాసిచ్చింది. పది రోజులు గొడవలు జరిగాయి. ఆ పది రోజులూ సంఘం పెద్దలు ఆటో పక్కన నిలబడ్డారు, తిట్లు కార్మికుల మీద పడకుండా తాము భరించారు. మీరూ ఆ పని చేయగలరేమో ఆలోచించండి.

సిద్దిపేట కోడలు · జూన్ 6

పెళ్లిళ్ల చెత్త గురించి ఎవరూ రాయలేదు. ఒక్క ఫంక్షన్ హాలులో ఒక్క పూట భోజనాలకు పోగయ్యే ప్లాస్టిక్ గ్లాసులు, థర్మాకోల్ పళ్లేలు కాలనీ వారం రోజుల కష్టాన్ని కప్పేస్తాయి. మా సిద్దిపేటలో స్టీల్ బ్యాంకులు పెట్టారు. శుభకార్యం ఉన్నవాళ్లు పళ్లేలు, గ్లాసులు, గిన్నెలు తీసుకెళ్లి, కడిగి లెక్కప్రకారం తిరిగి ఇవ్వాలి. మా ఆడపడుచు సీమంతానికి మేము అలాగే తెచ్చుకున్నాం. కడగడానికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నాం, పారవేసే పళ్లేలు కొనే ఖర్చు మిగిలింది కాబట్టి అది భారమనిపించలేదు. రాత్రి పదింటికి హాలు వెనక్కు వెళ్లి చూస్తే పళ్లేల్లో మిగిలిన అన్నం, కూరలు తప్ప మరేమీ లేదు, అదంతా ఒక్క డ్రమ్ములో పట్టింది. కాలువగట్టు అక్కా, మీ సంఘం రెండు వందల పళ్లేలతో మొదలుపెట్టినా చాలు.

కాలువగట్టు · జూన్ 9

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మేము వారం రోజులు తడి చెత్తను తూకం వేశాం, రోజుకు 150 కిలోలకు కాస్త అటూ ఇటూగా వస్తోంది. ఆదివారం మాంసం కొన్న ఇళ్ల వల్ల పెరుగుతోంది. పార్కులో బాదం, వేప, కానుగ చెట్లున్నాయి కాబట్టి ఎండుటాకులకు కొదవ లేదు, ఇన్నాళ్లూ వాటిని పోగేసి తగలబెట్టేవాళ్లం.

ఇప్పుడు చిక్కు మరోచోట వచ్చింది. గూళ్లలో చెత్త వేయడం, తిరగేయడం ఎవరు చేయాలి? మా వీధి ఊడ్చే కార్మికురాలికే ఆ పని కూడా అప్పగించి పండక్కి చీర పెడితే సరిపోతుందని కార్యవర్గంలో కొందరన్నారు. నాకు మనసొప్పలేదు, కానీ వాదించడానికి సరైన మాటలు దొరకలేదు.

పాత మేస్త్రి · జూన్ 9

ఒప్పుకోకండి అమ్మా. పర్యావరణం పేరుతో మనం చేసే మంచి పని మరొకరి వెన్ను మీద ఉచితంగా నడవకూడదు. తరతరాలుగా ఈ పని ఏ వాడల నుంచి వచ్చినవాళ్లు చేస్తున్నారో మనందరికీ తెలుసు. కొత్త పని పెట్టి పాత జీతమే ఇస్తే, పేరు మారింది తప్ప పద్ధతి మారలేదనే అర్థం.

రోజుకు 150 కిలోల చెత్తకు ఒక మనిషికి మూడు గంటల పని ఉంటుంది. దానికి నెల జీతం కట్టండి, 240 ఇళ్లకు పంచితే ఇంటికి ఎంత పడుతుందో లెక్క వేసి సమావేశంలో చెప్పండి. చేతి తొడుగులు, బూట్లు, రెయిన్‌కోటు, మాస్కు ఇవ్వాలని 2016 నిబంధనల్లోనే ఉంది, పురపాలక సంఘం ఇవ్వకపోతే మీరు కొనివ్వండి. తొడుగులు మోచేతి దాకా ఉండే రబ్బరువి తీసుకోండి, పల్చటివి రెండో రోజుకే చిరుగుతాయి. అమ్మిన ఎరువు మీద, పొడి చెత్త మీద వచ్చే డబ్బులో వాటా ఆ మనిషికే చెందాలని తీర్మానంలో రాయండి. చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి, సబ్బు, కూర్చోవడానికి నీడ. కార్యవర్గ సభ్యులు కూడా వంతులవారీగా వారానికో రోజు వెళ్లి పార పట్టాలి, అప్పుడే కుప్పలోకి ఏ ఇంటి నుంచి ఏం వస్తోందో వాళ్లకు తెలుస్తుంది.

యంత్రవిద్య · జూన్ 10

మేస్త్రి గారి టపా చదివాక నా అభ్యంతరాన్ని కొంత సవరించుకుంటున్నాను. జీతం, తీర్మానం, లెక్కల పుస్తకం ఉంటే ఇద్దరు ముగ్గురి ఉత్సాహం మీద ఆధారపడే ప్రమాదం తగ్గుతుంది. ఒక సూచన మాత్రం తప్పక పాటించండి: రోజువారీ తూకాన్ని పుస్తకంలో రాసి, నెలాఖరున ఒక ప్రతిని వార్డు సచివాలయంలో ఇచ్చి రశీదు తీసుకోండి. అధికారులు మారుతుంటారు, కొత్తగా వచ్చినవారికి మీ మాట కంటే కార్యాలయంలో ముందే ఉన్న కాగితం ఎక్కువ ఉపయోగపడుతుంది. గూళ్ల కొలతలు, రేకుల వాలు నేను గీసి పంపుతాను.

కాలువగట్టు · జూన్ 23

నిన్న సమావేశం జరిగింది. 240 ఇళ్లకు గాను 131 ఇళ్ల నుంచి వచ్చారు. నెలకు ఇంటికి 60 రూపాయలు వేసుకోవడానికి ఎక్కువమంది ఒప్పుకున్నారు, తొమ్మిది ఇళ్లవారు వ్యతిరేకించారు. పనికి మనిషిని జీతం మీద పెట్టడం, ఎరువు అమ్మకంలో వాటా, కార్యవర్గం వంతులు మూడూ తీర్మానంలోకి ఎక్కాయి. చీర మాట అన్న పెద్దమనిషే మొదటి శనివారం వంతు తీసుకున్నారు. స్టీల్ పళ్లేలకు ఇద్దరు విరాళం ప్రకటించారు.

ఈ ఉదయం వార్డు సచివాలయంలో వినతిపత్రం ఇచ్చి రశీదు తీసుకున్నాం. నాలుగు గూళ్లకు, కప్పుకు నిధులు, పొడి చెత్తకు బుధ, ఆది వారాల్లో అదనపు ట్రిప్పు, విడదీసినది కలపబోమన్న రాతపూర్వక హామీ అడిగాం. అదనపు ట్రిప్పుకు ఒక నెల ప్రయోగంగా ఒప్పుకుంటామని మౌఖికంగా చెప్పారు. నిధుల సంగతి పైవారికి రాస్తామన్నారు, హామీ విషయం తేల్చలేదు. అవి వచ్చేదాకా ఆగకుండా చందాల డబ్బుతో రెండు గూళ్లు కట్టడం మొదలుపెడుతున్నాం. పక్కింటి పెద్దావిడ రెండు బుట్టలూ గుమ్మంలోనే పెడతారు, మా అబ్బాయి రోజూ వాటిని గూటి దాకా మోస్తాడు.

మిద్దెతోట గారూ, మొదటి పొర వేయడానికి పాత ఎరువు ఎన్ని కిలోలు కావాలో చెప్పగలరా? ఇక్కడ దొరకడం లేదు.

మిద్దెతోట · జూన్ 23

రెండు గూళ్లకు ఒక గోనె సంచి చాలు. వచ్చే శనివారం మా తమ్ముడు గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో అటే వస్తున్నాడు, మాది జల్లెడ పట్టి, కాస్త తడి ఆరబెట్టి అతనితో పంపిస్తాను. సంచి మూతి బిగించి కట్టకండి, గాలి ఆడాలి. మీరు స్టేషనుకు ఎవరినైనా పంపితే సరిపోతుంది.